హాసిని ముచ్చట బయటపెట్టిందెవరు?

ఆ రోజుల్ల అంటే మరీ రేడియోలు, ఉత్తరాల కాలమనుకునేరు, నేనంత ముసలిదాన్ని కాదు. ఫోను అద్దం పగిలితే పగుళ్ల మీద టేపు అంటించి, ఆ టేపు కిందికెళ్లే అక్షరాలు ఏరుకొని చదువుకునే రోజులవి. నాకు ఇరువై నిండినయో లేదో. తొమ్మిదో తరగతిలనే లెక్కలు నన్ను, నేను లెక్కలను మర్యాదగ విడిచిపెట్టుకున్నం (మా మధ్యల ఇప్పటికీ పగలేం లేవు, దారిల కనబడితే పలకరించుకోము, గంతే). చేవెళ్ల అవతల ఒక గులాబీల షెడ్డుల పనికి పోతుంటి. కోసిన పూలల్ల పొడుగు కాడలు ఒక దిక్కు, పొట్టి కాడలు ఒక దిక్కు ఏరి, కాగితం చుట్టి, పట్నం పెండ్లిళ్లకు పంపుడు మా పని. పొద్దున్నే మా ఊరు కనకమామిడిల షేర్ ఆటో ఎక్కిన కాడ్నుంచి సాయంత్రం ఇల్లు చేరేదాక చేతులు పూల మీద, బుర్ర కథల మీద. ఎందుకంటే నేను అప్పటికే నవలా రచయిత్రిని. ఆ సంగతి నాకూ, పట్నంల ఉండే ఒక ఎడిటర్ మేడంకూ పూర్తిగ తెలుసు. షెడ్డుల నా పక్కన పనిజేసే గులాబక్కకు సగం తెలుసు. మా ఇంట్ల మాత్రం ఎవ్వరికీ తెల్వదు. తెల్వదని నేను అనుకుంటుంటి.

ఫోన్ల ఒక కథల యాప్ ఉండె. దాంట్ల పేరు మార్చుకొని ప్రేమ నవలలు రాస్తుంటి. రాసుడు కంటే ముందు వందల కథలు మింగిన. నాకు ఇష్టమైన మలుపులు కొన్ని ఉండె, ఎన్నిసార్లొచ్చినా విసుగు రాకపోయేది. అగ్రిమెంటు రాసుకొని పెండ్లి చేసుకుంటరు సూడున్రి, అదొకటి. తలకు దెబ్బ తగిలి హీరో భార్యను మర్చిపోయేది ఇంకొకటి (భార్యను ఒక్కదాన్నే మర్చిపోతడు. కారు తాళాలు, ఆఫీసు మీటింగులు, బ్యాంకు నెంబర్లు అన్నీ మంచిగ యాదికుంటయి). ఇద్దరికీ ఒకటే గొడుగుండే వాన అయితే ఇగ చెప్పద్దు. షేరాటో మొయినాబాద్ దిక్కు పోయినప్పుడల్ల ఫాంహౌజుల పెద్ద పెద్ద గేట్లు చూసి, లోపల ఒక కోటీశ్వరుడు కిటికీ కాడ నిలబడి, మనసు విరిగి, చక్కెర లేని కాఫీ తాగుతున్నడని అనుకునేదాన్ని. మా బాపు అజీజ్‌నగర్‌ల అసొంటి గేటుకే వాచ్‌మన్. "కోటీశ్వరుడు కాఫీల చక్కెర వేసుకోకపోతే మనసు విరిగి కాదు బిడ్డా, షుగరుండి" అని ఆయన చెప్పిండు. నేను ఆ ముచ్చటను కథలల్లకు రానియ్యలేదు.

అప్పుడు రాస్తున్న నవలల హీరోయిన్ హాసిని, తల్లీదండ్రి లేని పిల్ల. హీరో విహాన్, పేరు పట్నం పేరు, మనసు వెన్న. ఆయన తల్లి రాజ్యలక్ష్మీదేవి. మెట్లు దిగుడు తప్ప ఆమెకు వేరే పని లేదు, ప్రతి అధ్యాయంల ఒకసారి దిగుతది, దిగి ఎవరినో ఒకరిని ఏడిపించి మళ్ల ఎక్కుతది. హాసినికి గుండె జబ్బు. ఎవరికీ చెప్పదు. చివరి అధ్యాయంల విహాన్ నిజం తెలుసుకొని పరుగెత్తుకొచ్చేసరికి, బస్టాండ్ల బెంచీ మీద, ఒడిల సంచితోనే హాసిని పాణం పోతది. ఆ చావును నేను ఎంత ముద్దుగ రాసిన్నంటే, రాస్తున్నప్పుడు నాకే ముక్కు కారింది. యాప్‌ల మస్తు మంది చదువుతున్నరని మేడం ఒకరోజు ఫోన్ చేసి, "దీన్ని పుస్తకంగా వేద్దామమ్మా, కాగితం పుస్తకం" అన్నది. "కాగితందేనా మేడం?" అని మూడుసార్లు అడిగిన. ఒక్కటే షరతు. చివరి అధ్యాయాలు యాప్‌ల పెట్టద్దు, ముగింపు ఎవ్వరికీ తెల్వద్దు. పుస్తకం కొన్నోళ్లకే తెల్వాలె.

మేడం దిద్దే తీరు వేరే ఉండె. కాగితం మీద కాదు, చెవితోని దిద్దేది. నేను ఫోన్ల చదువుకుంటపోవాలె, ఆమె వింటది, నచ్చని కాడ "ఆగు" అంటది. "ఆగు, వాడు ఆ మాట ఎందుకు నమ్ముతాడు?" అంటే నేను కారణం చెప్పాలె. మా ఇంట్ల సిగ్నల్ వంటింటి కిటికీ కాడ తప్ప ఇంకెక్కడ దొరకకపోయేది. కిటికీ అవతల, గోడ నీడకు, మా అవ్వ, అంటే మా బాపు తల్లి, కొత్తిమీర కట్టలు కట్టుకుంట కూసుంటుండె, పొద్దున మార్కెట్టుకు పంపేటందుకు. అమ్మకేమో షెడ్డు సూపర్‌వైజర్ మేడం పని ముచ్చట్లు మాట్లాడుతదని చెప్పిన. అవ్వ ఒక్కసారి మాత్రం తలెత్తకుండనే "హాసిని ఎవరే?" అన్నది. "మా షెడ్డుల పనిజేసే పిల్ల అవ్వా, పాపం జర కష్టాలల్ల ఉన్నది" అన్న. "అట్లనా" అని ఇంకో కట్ట కట్టింది. మళ్ల అడగలేదు. ఆమె లోకం ఆమెది, నా లోకం నాది అనుకున్న.

ఇగ అసలు ముచ్చట. ఒక పొద్దున షేరాటోల నా పక్కన ఇద్దరు ఆడోళ్లు కూసున్నరు, పక్క ఊరోళ్లు, ఎక్కడ్నో చూసిన మొకాలే. ఒకామె ఒడిల టమాట సంచి పెట్టుకొని రెండో ఆమెను అడిగింది, "ఆ హాసిని పిల్ల ముచ్చట ఏమన్న తెలిసిందా అక్కా?"

"ఏం తెలుస్తది. ఆ కాబోయే అత్త లేదూ, రాజ్యలక్ష్మమ్మ, పిల్ల సొమ్ములు తీస్కొని పారిపోయిందని కొడుక్కు ఎక్కిచ్చిందట. వాడు నమ్మిండట."

"నమ్మకేం జేస్తడు, తల్లి చెప్తే గాడిదను గుర్రమన్నా నమ్ముతరు మా ఇంటాయన అసొంటోళ్లు."

నా గుండె ఆటో కంటే ఎక్కువ ఎగిరింది. ఆ అధ్యాయం నేను ఇంకా ఎక్కడా పెట్టలే! మొన్న సాయంత్రమే మేడంకు చదివి వినిపిచ్చిన. "ఏ హాసిని అక్కా?" అని మెల్లగ అడిగిన. టమాటల ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసింది. "నీకెందుకే? ఒకళ్లింటి ముచ్చట బజార్ల మాట్లాడద్దని మాకు గట్టిగ చెప్పిన్రు." ఆటోల మొత్తం అందరికీ వినబడేటట్టు మాట్లాడి, నన్ను బజారు చేసింది సూడున్రి.

ఆ రోజు నుంచి నేను రచయిత్రిని కాదు, సీఐడీని. లోకంల ప్రతి మనిషీ నా ముగింపు దొంగిలించేటందుకే పుట్టినట్టు కనబడ్డడు. మొదటి అనుమానం మొయినాబాద్‌ల ఫోన్లు బాగుజేసే అన్న మీద. మొన్ననే నా ఫోను ఆయన దగ్గర ఒక పూట ఉన్నది, లోపలున్నదంత చదివి ఉంటడు. రెండో అనుమానం గులాబక్క మీద. ఆమె నోరు మూసుకొని ఉండంగ నేను ఒక్కసారన్న చూడలేదు, నిద్రల కూడ పూలు లెక్కపెడ్తదట. నేను చదివిన కథలల్ల సీఐడీలు ఒక ఉపాయం చేస్తరు, అనుమానమున్న ఒక్కొక్కరికి ఒక్కో అబద్ధం చెప్పి, ఏ అబద్ధం తిరిగొస్తదో చూస్తరు. నేనూ గదే షురూ చేసిన.

ఫోన్ల అన్న దుకాణానికి పోయి, కౌంటర్ మీదికి వంగి, కండ్లల్లకు చూసుకుంట, "అన్నా, విహాన్‌కు ఒక కవల తమ్ముడున్నడు" అన్న.

ఆయన స్క్రూడ్రైవర్ పక్కకు పెట్టి నన్ను చూసిండు. "మంచిది చెల్లే. గని నీ ఫోన్ల ఛార్జింగ్ పిన్ను పోయింది."

మాట మారుస్తున్నడని అనుమానం ఇంకింత పెరిగింది. షెడ్డుల గులాబక్క చెవుల, "ఎవరికీ చెప్పకు, హాసిని ఎవరో కాదు, రాజ్యలక్ష్మీదేవి చిన్నప్పుడు పోగొట్టుకున్న సొంత బిడ్డ" అన్న. గులాబక్క చేతుల ఉన్న కట్ట కింద పడ్డది. "థూ! అట్లయితే హీరోకు చెల్లెలయితది గదనే! ప్రేమించుకున్నరంటివి? ఏం రాస్తున్నవే నువ్వు?" అని అందరు వినంగ మొత్తుకున్నది. ఆ కోణం నాకు తట్టలేదు. ఆ దినమంత ఆమె నా పక్కన కూసోలేదు.

నేను వేసిన గాలాలు వేసినట్టే ఉన్నయి. మళ్ల ఆటోల ఆ ఇద్దరు కలిసినప్పుడు కవల తమ్ముడు రాలేదు, పోగొట్టుకున్న బిడ్డా రాలేదు. వచ్చింది నిజం. "ఆ పిల్లకు గుండె జబ్బట అక్కా. ఎవరికీ చెప్పలేదట. బస్టాండ్లనే పాణం పోతదేమోనని బుగులు పడుతున్నరు." టమాటల ఆమె కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. నాకు ఒక దిక్కు చెమటలు, ఇంకో దిక్కు, అబద్ధమెందుకు చెప్పాలె, జర గర్వం. నేను రాసిన చావు ఒకామెను ఏడిపిచ్చింది గద! గని బస్టాండు సంగతి మేడంకు తప్ప నేను ఎవరికీ చెప్పలే. అంటే దొంగ మేడమే. సాయంత్రం కిటికీ కాడ నిలబడి ఫోన్ చేసిన.

"మేడం, మీరు చేవెళ్ల దిక్కు ఎవరికన్న కథ చెప్పిన్రా?"

"చేవెళ్లా? అది ఎటువైపుందో కూడా నాకు తెలీదమ్మా. ఎందుకు?"

చెప్పిన. ఆమె గొంతు మారింది. "చూడమ్మా, ముగింపు ఇప్పుడే ఆటోల్లో తిరుగుతుంటే పుస్తకం ఎవరు కొంటారు? పైగా నామీద అనుమానమా? చెబుతున్నది ఎవరో ముందు తేల్చు. తేలకపోతే పుస్తకం మాట మర్చిపో." ఫోన్ పెట్టేసింది. కాగితం పుస్తకం, మీద నా సొంత పేరు, అది చూసి తొమ్మిదో తరగతి లెక్కల సారు నోరెళ్లబెట్టుడు (మనసుల ఆ బొమ్మ ఎన్నోసార్లు గీసుకున్న), అంత కండ్ల ముందే ఆవిరైతున్నది. కిటికీ అవతల అవ్వ కొత్తిమీర కట్టి, వేర్లు దులుపుకుంట, "ఎందుకే అట్లున్నవ్? ఆ పిల్లకు మంచిగ లేదా?" అన్నది. "ఏం మంచిగ లేదవ్వా" అన్న. నా ఫికర్ల నేనుంటే ఆమె మొకం దిక్కు ఎవరు చూస్తరు.

ఆ గురువారం షెడ్డుల పురుగు మందు కొడుతున్నరని సెలవిచ్చిన్రు. మధ్యాహ్నం మొయినాబాద్‌ల పని మీద నిలబడ్డ. ఆటోల కెల్లి టమాటల ఆమె, ఆమె అక్క దిగిన్రు. ఇంతకంటే మంచి మోకా దొరుకదని, చున్నీ మొకానికి చుట్టుకొని వెంట పడ్డ. వాళ్లు ఆగితే నేను అరటిపండ్ల బండి కాడ ఆగుడు, వాళ్లు నడిస్తే నేను నడుసుడు. (బండి ఆయన "కొంటవా, కావలి కాస్తవా?" అన్నడు.) వాళ్లు ఒక సందుల తిరిగి ఒక ఇంట్లకు పోయిన్రు. వాకిట్ల చెప్పులే చెప్పులు. దొంగల ముఠా ఇంత పెద్దదా అని పరేషానైన. అంతల చెప్పుల నడుమ ఒక జత మీద కండ్లు పడ్డయి. ఒకదాని పట్టీ నీలం, ఒకదాని పట్టీ తెలుపు. లోకంల ఆ జత వేసుకునే మనిషి ఒక్కతే ఉన్నది.

లోపల్నుంచి మా చర్చి పాస్టరమ్మ గొంతు వినబడ్డది, ఆ ఇల్లు ఆమెదట. గురువారం ఆడోళ్ల ప్రార్థన కూడిక. నేను ఆదివారం చర్చికి పోతగని, పని ఉంటదని ఈ కూడికకు ఎన్నడు పోలేదు. మెల్లగ లోపలికి జొరబడి, అందరి ఎన్క, తలుపు చాటుకు కూసున్న. పాస్టరమ్మ ఒక్కొక్కరిని ప్రార్థన అంశాలు చెప్పమంటున్నది. ఒకామె మోకాళ్ల నొప్పి చెప్పింది. ఒకామె బోరుల నీళ్లు తగ్గినయన్నది. ఒకామె కోడలు పలుకరిస్తలేదన్నది (కోడలు పక్కనే కూసున్నది). అప్పుడు మా అవ్వ లేచింది.

"అమ్మా, మన హాసిని కోసం ఇంకింత గట్టిగ చెయ్యాలె. ఆ పిల్ల పరిస్థితి ఏం మంచిగ లేదని నిన్ననే తెలిసింది."

ఇల్లంత "అయ్యో" అన్నది. నేను గోడకు అతుక్కపోయిన. అందరు తలల మీద కొంగులేసుకొని, కండ్లు మూసుకొని షురూ చేసిన్రు. "తండ్రీ, ఆ రాజ్యలక్ష్మమ్మ కఠిన హృదయాన్ని కరిగించు ప్రభువా!" "కరగకపోతే జర వేరే తీరుగ చెప్పు ప్రభువా!" "ఆ విహాన్‌కు సొంత బుద్ధి దయచేయి తండ్రీ!" టమాటల ఆమె ఎక్కెక్కి ఏడుస్తున్నది. అందరికంటె మీదికెళ్లి మా అవ్వ గొంతు, "దేవా, ఆ పిల్ల గుండెకు మంచి డాక్టర్ను చూపియ్యి. ఆ డాక్టర్ ఆ పిల్లగాని చిన్ననాటి దోస్తయినా సరే. ఆ డాక్టర్ ఫోన్ చేస్తెనే వానికి నిజం తెలిసినా సరే. బస్టాండు దాక మాత్రం పోనియ్యకు తండ్రీ!" అందరు "ఆమెన్" అన్నరు. నేనూ అన్న. నా నోట్లకెల్లి ఎట్ల వచ్చిందో తెల్వదు. నేను పుట్టిచ్చిన పిల్ల కోసం నేనే, నేను ఆమెను చంపకుండ చూడమని ప్రార్థన చేసిన.

కండ్లు తెరిచేసరికి పాస్టరమ్మ నన్ను చూసింది. "అరె, నువ్వూ వచ్చినవా బిడ్డా! ఆ పిల్లతోని పనిజేసేది నువ్వే గద? ఇప్పుడెట్లున్నది?" అందరి తలలు ఒక్కసారి ఎన్కకు తిరిగినయి. టమాటల ఆమె నన్ను గుర్తుపట్టి, "ఏ హాసిని అని ఎరుకలేనట్టు అడిగినవ్ గదనే!" అన్నది. కథ అని చెప్పుదామని నోరు తెరిచిన. మా అవ్వ నన్ను చూస్తున్నది, తల మీద కొంగు, కండ్లల్ల తడి. ఇందరి ముందల ఇది ఉత్తదే అంటే, వచ్చే గురువారం నుంచి మా అవ్వ మోకాళ్ల నొప్పి చెప్పినా ఎవరు నమ్ముతరు? "జర... నయమున్నదమ్మా" అన్న.

"స్తోత్రం!" అన్నరు అందరు. ఇగ వదులుతరా! "ఆ పిల్లగానికి నువ్వే పోయి చెప్పరాదూ?" అని ఒకామె. "ముందు ఆ అత్తకు పక్షవాతం రావాలె, అప్పుడు పిల్లనే సేవ చెయ్యాలె, అప్పుడు తెలుస్తది" అని ఇంకొకామె. "ఎందుకు చెయ్యాలె సేవ? జారి పడని, వారం రోజులు పండని, చాలు" అని పలుకరించని కోడలు. అత్త ఆమె దిక్కు చూసింది. పట్నం మేడం ఒక్కతే దిద్దితే నా కథకు నెల పడుతుండె. వీళ్లు చాయ్ చల్లారక ముందే మొత్తం దిద్దిపెట్టిన్రు. లేచేటప్పుడు పాస్టరమ్మ చెప్పింది, వచ్చే గురువారం దాక హాసిని కోసం ఉపవాస ప్రార్థన అని. మోకాళ్ల నొప్పి ఆమె కూడ సరే అన్నది.

ఇప్పుడు చెప్పున్రి, నేనేం చెయ్యాలె? అన్నం మానేసి కూసున్న ఆడోళ్ల మధ్యన ఆ పిల్లను బస్టాండ్ల ఎట్ల చంపుత? మేడంకు ఫోన్ చేసిన.

"దొంగ దొరికింది మేడం. మా ప్రార్థన కూడిక."

జరిగిందంత చెప్తే ఆమె మొదలు నమ్మలేదు, తర్వాత నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. "అదంతా బాగానే ఉంది గాని ముగింపు తెలిసిపోయింది కదమ్మా."

"తెలిసిన ముగింపు రాయను మేడం. హాసిని బతుకుతది."

"ఆ చావు కోసమే పుస్తకం వేద్దామనుకున్నాను నేను. ఏడిపిస్తేనే పుస్తకం అమ్ముడుపోతుంది."

"ఏడుసుడు ఆల్రెడీ అయింది మేడం, కండ్లార చూసిన. ఇప్పుడు వాళ్లను నవ్వియ్యాలె." పుస్తకం చేతులకెల్లి జారిపోయినట్టే అనుకున్న. గని నా నోరు నన్ను ఆగనియ్యలేదు. "ఒక్క వారం ఇయ్యున్రి. రాసి వినిపిస్త. నచ్చకపోతే మీ పుస్తకం మీకే, నా హాసిని నాకే."

ఆ వారం నేను గులాబీలు ఏరిన్నో ముండ్లు ఏరిన్నో తెల్వదు. డాక్టర్ విహాన్‌కు చిన్ననాటి దోస్తయిండు. ఫోన్ చేసిండు. రాజ్యలక్ష్మీదేవి మెట్ల మీదికెళ్లి జారి పడ్డది (కోడలి మాట తీసెయ్యబుద్ధి కాలేదు). కిటికీ కాడ నిలబడి మేడంకు చదువుతుంటే ఆమె ఒక్కసారి కూడ "ఆగు" అనలేదు. అయిపోయినంక, "ఆ డాక్టర్ మలుపు ఎలా తట్టిందమ్మా నీకు?" అన్నది. ప్రార్థన చేస్తే తట్టింది మేడం అన్న. పుస్తకం అచ్చయింది.

దానికంటే ముందే గురువారం కూడికల మా అవ్వ సాక్ష్యం చెప్పింది. హాసినికి ఆపరేషనై మంచిగైందని, పెండ్లి కూడ కుదిరిందని. చప్పట్లు. టమాటల ఆమె పాట ఎత్తుకున్నది. అక్కడితోని అయిపోతే బాగుండు, అందరు కలిసి పెండ్లిపిల్లకని ఒక చీర కొన్నరు. చామంతి రంగుది, సన్న అంచుది. "ఆ పిల్లకు నీ చేతులతోని ఇయ్యి బిడ్డా" అని పాస్టరమ్మ నాకే అప్పజెప్పింది. చీర పట్టుకొని ఇంటికొచ్చి, లేని పిల్లకు చీర ఎట్ల చేరవేయాల్నని మంచం మీద కూసుంటే, అవ్వ వచ్చి పక్కన కూసున్నది. చీర మడత విప్పింది, అంచు చేతితోని నిమిరింది, నా భుజం మీద వేసి చూసింది.

"నువ్వే కట్టుకో. ఆ పిల్ల కట్టుకున్నా నువ్వు కట్టుకున్నా ఒకటే గద."

చీరతోనే అవ్వ దిక్కు తిరిగిన. "అంటే? అంటే ఏందవ్వా? నీకు ఎరుకేనా?"

"ఏం ఎరుక?" అని అవ్వ లేచి పోయింది.

నవలలు మస్తు రాసిన తర్వాత. ఇప్పుడు షెడ్డు లేదు, పగిలిన ఫోను లేదు, ఇంట్ల ఏ మూలకు పోయినా సిగ్నల్ ఉన్నది. లోకంల అందరినీ అనుమానించి, కిటికీ అవతల మనిషిని ఒక్కదాన్ని విడిచిపెట్టిన ఆ చున్నీ సీఐడీని తల్చుకుంటే నవ్వొస్తది, ఆమె జర ముద్దుగ కూడ అనిపిస్తది. నిరుడు ఒక పగటిపూట అవ్వ కాళ్లకు నూనె రాసుకుంట సూటిగ అడిగిన, "నిజం చెప్పవ్వా. హాసిని కథ అని నీకు అప్పుడే తెలుసు గద? నా ముగింపు మార్పియ్యాల్ననే ఆ ప్రార్థన పెట్టిచ్చినవ్ గద?"

అవ్వ కండ్లు తెరవలేదు. రెండో కాలు నా దిక్కు చాపింది. తర్వాత మెల్లగ అన్నది, "అవునే, ఆ పిల్లకు పిల్లలేమన్న అయిన్రా?"

అది ఏం తెల్వక అడిగిన మాటనో, రెండో భాగం రాయమని హుకుమో, నేను ఇప్పటిదాక తేల్చుకోలే.

(రాసిన. కవలలు.)